కారం మీద కేసు పెట్టకండి

ప్రశ్న: నా వయసు 54. గుంటూరు మిర్చి యార్డులో గుమాస్తాని. రెండేళ్లుగా గ్యాస్ ట్రబుల్. అర్ధరాత్రి దాటాక కడుపు పైభాగంలో మంటతో మెలకువ వస్తుంది. నాలుగు బిస్కెట్లు తింటే తగ్గుతుంది. అప్పుడప్పుడూ గ్యాస్ బిళ్ల, మోకాళ్లకు రోజూ ఒక నొప్పి బిళ్ల మందుల షాపులో తెచ్చుకుని వేసుకుంటాను. కారం వల్లే ఇదంతా అని ఇంట్లో పచ్చళ్లు మాన్పించారు. ఈ మధ్య విరేచనం నల్లగా అవుతోంది. మా ఆవిడకు నూనె వంటలు తిన్న రాత్రి కుడి డొక్కలో నొప్పి వస్తుంది. స్కానింగ్‌లో గాల్ బ్లాడర్‌లో రాళ్లున్నాయన్నారు. కరిగించే మందు ఉందా?
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: పచ్చళ్ల సంగతి తర్వాత చూద్దాం. నల్లటి విరేచనం గురించి ఒక్క ముక్క రాసి ఊరుకున్నారు. ముందు తేల్చాల్సింది అదే. ఐరన్ బిళ్లలు వాడేవాళ్లకు మలం నల్లబడటం మామూలే. అలాంటివేవీ వాడకుండా తారులా నల్లగా, జిగటగా, ఎప్పుడూ లేనంత దుర్వాసనతో వస్తే, కడుపులోనో చిన్నపేగు మొదట్లోనో రక్తం కారుతోందని అనుమానించాలి. ఇది చదివేసరికి ఆగిపోయి ఉన్నా సరే, ఈరోజే ఆసుపత్రికి వెళ్లండి. లేస్తే కళ్లు తిరగడం, రక్తపు వాంతి లాంటివి ఉంటే 108కి ఫోన్ చేయండి.

పరగడుపునో అర్ధరాత్రో వచ్చి, ఏదైనా తింటే తగ్గే నొప్పి చిన్నపేగు మొదటి భాగంలో పుండు ఉన్నవాళ్లలో తరచూ కనిపిస్తుంది. ఈ పుండ్లకు ముద్దాయిలు ఎక్కువగా ఇద్దరే. ఒకటి హెలికోబాక్టర్ పైలోరీ అనే బాక్టీరియా. రెండోది మీరు రోజూ మింగే నొప్పి బిళ్ల. మిరపకాయ ఉన్న పుండును మండిస్తుందేమో గానీ, పుండును పుట్టించదు. మంట పుట్టినన్నాళ్లు కారం తగ్గించండి, చాలు.

ఒకప్పుడు డాక్టర్లు కూడా టెన్షన్, కారం అనే చెప్పేవాళ్లు. ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో రాబిన్ వారెన్, బారీ మార్షల్ ఈ బాక్టీరియాను పట్టుకున్నా చాలామంది నమ్మలేదు. 1984లో మార్షల్ ఆ బాక్టీరియాను తానే తాగి కడుపులో వాపు తెచ్చుకున్నాడు. 2005లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది. అయినా మన ఇళ్లలో తిట్లు ఇంకా పచ్చడి జాడీకే!

ఆ నొప్పి బిళ్ల ఇవాళే ఆపేసి, అట్టను డాక్టరుకు చూపించండి. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబూప్రొఫెన్... పేరేదైనా ఈ జాతి మందులు కడుపు లోపలి పొరను దెబ్బతీస్తాయి. మోకాళ్లకు పారాసెటమాల్ సరిపోతుందేమో అడగండి. గుండె డాక్టరు రాసిన ఆస్పిరిన్ వాడుతుంటే మాత్రం దాన్ని సొంతంగా ఆపకండి.

ఆసుపత్రిలో ఎండోస్కోపీ చేయాలంటారు, భయపడకండి. గొంతు మొద్దుబారేలా మందు కొట్టి సన్నటి గొట్టం పంపిస్తారు, మామూలుగా కొద్ది నిమిషాల పని. పుండు కనిపిస్తుంది, బాక్టీరియా పరీక్షకు చిన్న ముక్కా తీస్తారు. బాక్టీరియా ఉంటే యాసిడ్ తగ్గించే మందుతో పాటు రెండు మూడు మందులు కలిపి సాధారణంగా 14 రోజులు ఇస్తారు. నోరు చేదెక్కుతుంది. నొప్పి తగ్గిందని నాలుగో రోజు మానేసేవాళ్లే మళ్లీ నా దగ్గరికి వస్తారు. కోర్సు అయ్యాక కనీసం నాలుగు వారాలు ఆగి, బాక్టీరియా పోయిందో లేదో శ్వాస పరీక్షతోనో మల పరీక్షతోనో చూసుకోవాలి. అన్నట్టు, ప్యాంటోప్రజోల్ లాంటి గ్యాస్ బిళ్ల టిఫిన్‌కు అరగంట ముందు వేసుకోవాలి. ఇడ్లీ తిన్నాక వేసుకుంటే అంత బాగా పనిచేయకపోవచ్చు.

ఇంకో మాట. నడిచినప్పుడు, మెట్లెక్కినప్పుడు వచ్చి, కూర్చుంటే తగ్గే మంట గ్యాస్ కాకపోవచ్చు. మీ వయసులో ఎలాగూ ఒక ఈసీజీ తీయించుకోండి.

మీ ఆవిడకు వచ్చేది గ్యాస్ కాదు, రాళ్ల నొప్పిలాగే ఉంది. నమ్మకంగా కరిగించే మందు లేదు. నొప్పి లేని రాళ్లను చాలామందిలో వదిలేయవచ్చు. నొప్పి పెట్టే రాళ్లకు లాప్రోస్కోపీతో, అంటే చిన్న రంధ్రాల ద్వారా చేసే ఆపరేషన్‌తో, గాల్ బ్లాడర్ (పైత్యరసం నిల్వ ఉండే తిత్తి) తీసేయడమే మేలు. పైత్యరసం తయారయ్యేది కాలేయంలో కాబట్టి, ఆ తిత్తి లేకపోయినా అన్నం అరుగుతుంది. సర్జన్‌ను కలిసేలోగా చలిజ్వరం వచ్చినా, కళ్లు పచ్చబడినా, నొప్పి గంటల తరబడి తగ్గకపోయినా అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.