అమీర్‌పేటలో దిగిన చిన్నాకి

చిన్నా,

అమీర్‌పేట హాస్టల్లో దిగావని మీ అమ్మ నిన్న ఫోన్‌లో చెప్పింది. నువ్వు తెనాలి దాటావని సంతోషమేసింది రా. ఆ తర్వాత ఆవిడ అన్న మాటకే రాత్రంతా నిద్ర పట్టలేదు. ఎవరో కన్సల్టెన్సీ వాళ్లు నీ రెజ్యూమెలో నీకు లేని రెండేళ్ల ఎక్స్‌పీరియన్స్ పెడతారట, పే స్లిప్పులూ రిలీవింగ్ లెటరూ వాళ్లే ఇస్తారట, నువ్వు సరేనన్నావట. మీ అమ్మ అదేదో కోర్సు అనుకుంటోంది. హెచ్‌ఆర్‌లో తల నెరిసినదాన్ని, నాకు తెలీదా?

ముందు చిన్న సంగతులు. రెజ్యూమె ఒక్క పేజీ చాలు. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉండి ఆధార్‌లో ఇనీషియలే ఉంటే ఇప్పుడే సరిచేయించుకో, లేకపోతే పీఎఫ్ దగ్గర తలనొప్పి. ఒరిజినల్ సర్టిఫికెట్లు చూపించి వెంటనే వెనక్కి తీసుకో, ఎవరి బీరువాలోనూ వదలకు.

ఇక అసలు విషయం. మా ఆఫీసులో ఒకబ్బాయి చేరాడు. చురుకైనవాడు, మేనేజర్‌కి తెగ నచ్చాడు. మూడో నెలలో వెరిఫికేషన్ రిపోర్టు వచ్చింది. అతను రాసిన పాత కంపెనీ అడ్రస్‌లో టైలర్ షాపు ఉంది! పే స్లిప్పుల్లో నెలనెలా పీఎఫ్ కోత ఉంది, కానీ అతని పేరు మీద యూఏఎన్, అంటే కంపెనీ మారినా మారని పీఎఫ్ నంబరు, మా దగ్గరే మొదటిసారి పుట్టింది. ఆ 12 అంకెల నంబరు 2014లో వచ్చింది. ఏ కంపెనీలో ఎప్పుడు చేరావో, ఎప్పుడు మానేశావో దాని కింద వరసగా కనపడుతుంది. జీతంలో పన్ను కోశారంటే అది 26ఏఎస్ అనే ఇన్‌కమ్ టాక్స్ స్టేట్‌మెంట్‌లోనూ ఉండాలి. అక్కడా ఖాళీయే. స్లిప్పు ప్రింటు కొట్టేవాడు ఇవన్నీ ఎక్కణ్ణుంచి తెస్తాడు?

పిలిచి కూర్చోబెట్టాను. "పని రాకపోతే పంపించండి మేడమ్, నాకు పని వచ్చుగా" అన్నాడు. నిజమే, వచ్చు. ఏం చెప్పను? ఆ సాయంత్రమే ల్యాప్‌టాప్ తీసుకున్నాం. మెడలోని ఐడీ కార్డు తీయబోతే తాడు చెవికి తగులుకుంది. చేతులు వణుకుతున్నాయి, తీసుకోలేకపోయాడు. చివరికి సెక్యూరిటీ ఆయన తీశాడు. వాళ్ల నాన్న అప్పు చేసి కన్సల్టెన్సీకి డబ్బు కట్టాడని తర్వాత తెలిసింది. ఆ కన్సల్టెన్సీ వాళ్లు ఫోనే ఎత్తలేదట. మా దగ్గర నిజంగా పనిచేసిన ఆ కాస్త కాలాన్నీ ఎక్కడా ధైర్యంగా రాసుకోలేని స్థితి.

నువ్వెందుకు ఒప్పుకున్నావో నాకు తెలుసు. "గ్యాప్ ఎందుకొచ్చింది?" అంటారని భయం. తిక్క సన్నాసీ, మీ నాన్నకి పక్షవాతం వస్తే ఎరువుల కొట్టు నడిపింది ఎవర్రా? అది దాచుకోవాల్సిన విషయమా? రైతుల బాకీలన్నీ పుస్తకాల్లోంచి ఎక్సెల్‌లోకి ఎక్కించావని మీ నాన్న నాకు ఎన్నిసార్లు చెప్పాడో! అడిగితే అదే చెప్పు. నాన్నకి బాగోలేక కొట్టు చూసుకున్నాను, ఖాతాలు కంప్యూటర్‌లోకి మార్చాను, ఇప్పుడాయన కోలుకున్నారు, నేను ఉద్యోగానికి సిద్ధం. అంతే, ఆపేయ్. జాలి కోసం సాగదీయకు.

"మీ గురించి చెప్పండి" అన్నా ఆ పనితోనే మొదలుపెట్టు. అన్నదమ్ములెందరో, హాబీలేంటో వాళ్లకెందుకు? బలహీనత ఏంటంటే "ఎక్కువ కష్టపడతాను" అనకు, వినీ వినీ మాకు విసుగొచ్చేసింది. ఇంకా సరిగ్గా రాని పని ఒకటి చెప్పి, దాన్నెలా నేర్చుకుంటున్నావో చెప్పు. తెలియని ప్రశ్నకి తెలియదనే అను. బుకాయిస్తే తర్వాతి ప్రశ్నకే దొరికిపోతావు.

ఏడాదికి 3,60,000 సీటీసీ, అంటే నీ మీద కంపెనీ పెట్టే మొత్తం ఖర్చు, అన్నారని నెలకి 30,000 చేతికొస్తాయని మీ అమ్మకి చెప్పేయకు. కంపెనీ కట్టే పీఎఫ్ వాటా, చాలాచోట్ల గ్రాట్యుటీ కూడా అందులోనే కలిపేస్తారు. చేతికెంతొస్తుందో అడుగు, మొహమాటం వద్దు.

ఇంతకీ డబ్బు కట్టేశావా? కట్టకపోతే మళ్లీ ఆ మెట్లెక్కకు. కట్టేసుంటే పోయిందనుకో, మీ నాన్న నా తమ్ముడే కదా, నేను చెప్తాలే. వాడి అరుపులు నాకు కొత్తా? ఆదివారం మియాపూర్ వైపు మెట్రో ఎక్కి కూకట్‌పల్లిలో దిగి ఫోన్ చెయ్, మామయ్య బండి తీసుకొస్తారు. భోజనం ఇక్కడే. రెజ్యూమె ప్రింటు తెచ్చుకో. వాళ్లు చేసింది కాదు, నువ్వు రాసుకున్నది.

మీ అత్త