అంగిలిలో పుండు, ఊపిరితిత్తిలో గడ్డ: క్యాన్సర్ ఒకటా, రెండా?

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లా. మా అమ్మగారికి 63 ఏళ్లు. చిన్నతనం నుంచి అడ్డపొగ అలవాటు, అంటే చుట్ట వెలిగించిన కొసను నోట్లో పెట్టుకుని తాగడం. అంగిలి మీద మానని పుండు నుంచి ముక్క తీసి పరీక్షిస్తే పైపొర కణాల్లో పుట్టే స్క్వామస్ సెల్ క్యాన్సర్ అని తేలింది. పెట్ స్కాన్‌లో కుడి ఊపిరితిత్తిలో రెండు సెంటీమీటర్ల గడ్డ కూడా కనిపించింది. అది నోటి నుంచి పాకినదేనని బంధువులు అంటున్నారు. డాక్టర్లేమో అక్కడా సూదితో ముక్క తీయాలంటున్నారు. మళ్లీ ఈ బాధ అవసరమా? సూది గుచ్చితే వ్యాధి పాకదా?

జవాబు: అవసరమే. ఆ గడ్డ నోటి నుంచి పాకినదైతే వ్యాధి నాలుగో దశకు చేరినట్లు. విడిగా పుట్టిన మరో క్యాన్సరైతే దేని దశ దానిదే, అప్పుడు రెండింటినీ నయం చేసే ఉద్దేశంతోనే చికిత్స మొదలుపెట్టే అవకాశం ఉంటుంది. పెట్ స్కాన్ గడ్డ చురుకుగా ఉందని చూపుతుందే గాని దాని పేరు చెప్పలేదు. మన దేశంలో చాలామందికి ఉండే క్షయ కూడా ఆ స్కాన్‌లో అలాగే వెలుగుతుంది.

పొగ తాగేవారిలో రెండో క్యాన్సర్ విడిగా పుట్టిందేమోనన్న అనుమానం సహజం. ఆ పొగ తగిలిన నోరు, గొంతు, అన్నవాహిక, ఊపిరితిత్తుల పొరలన్నీ ఏళ్ల తరబడి దెబ్బతింటాయి కనుక, వేర్వేరు చోట్ల వేర్వేరుగా క్యాన్సర్ పుట్టవచ్చు. రెండూ క్యాన్సర్లే కావాలి, విడివిడిగా ఉండాలి, ఒకటి మరొకదాని నుంచి పాకినది కాకూడదు అని 1932లో వారెన్, గేట్స్ అనే వైద్యులు పెట్టిన నియమాలే నేటికీ ఆధారం.

ఊపిరితిత్తి ముక్కలో గ్రంథి కణాల క్యాన్సర్, అంటే అడినోకార్సినోమా, కనిపించి, ఊపిరితిత్తి కణాల్లో ఉండే టీటీఎఫ్-1 అనే ప్రోటీన్ గుర్తు కూడా ఉంటే, అది అక్కడే పుట్టిన వేరే క్యాన్సర్ అని దాదాపు తేలిపోయినట్లే. అక్కడా స్క్వామస్ రకమే వస్తే చిక్కు. ఒకే గడ్డ, ముళ్లలాంటి అంచులు, మెడ గ్రంథులకు వ్యాధి సోకకపోవడం విడి క్యాన్సర్ వైపు మొగ్గు చూపిస్తాయి. గుండ్రటి గడ్డలు అనేకం ఉంటే పాకినదని అనుమానించాలి. అప్పటికీ తేలకపోతే రెండు ముక్కల జన్యు మార్పులను పోల్చి చూడవచ్చు.

సూది దారిలో క్యాన్సర్ పాకడం చాలా అరుదు. ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరడం మాత్రం కొందరిలో జరుగుతుంది. అందుకే పరీక్ష తర్వాత కొన్ని గంటలు ఆస్పత్రిలో ఉంచి గమనిస్తారు. గొంతు, అన్నవాహికలను కూడా ఎండోస్కోపీతో చూడాలా అని అడగండి. అంగిలి ముక్క తాలూకు స్లైడ్లు, ఆ ముక్కను భద్రపరిచిన మైనపు బ్లాకులు వెంట తీసుకెళ్లండి. రెండు ముక్కలనూ ఒకే పాథాలజిస్టు పక్కపక్కన పెట్టి చూడడం మేలు.