కడిగే ఎయిర్ ఫిల్టర్: కిలోమీటర్ల కంటే ఆరబెట్టడం ముఖ్యం

"కడిగి మళ్లీ వాడుకునే ఎయిర్ ఫిల్టర్‌ని ఎన్ని కిలోమీటర్లకు కడగాలి? ఇంట్లో కడుక్కోవచ్చా?" అని అడిగారు. నిక్షేపంగా కడుక్కోవచ్చు. కిలోమీటర్ల లెక్క మాత్రం పక్కన పెట్టేయండి. ఇలాంటి ఫిల్టర్లు తయారుచేసే కె అండ్ ఎన్ వాళ్లు మామూలు హైవే మీద 50,000 మైళ్లు, అంటే 80,000 కిలోమీటర్ల దాకా ఆగొచ్చంటారు. అమెరికా కంపెనీ వాళ్లది, ఆ లెక్క వాళ్ల రోడ్లకు సరిపోతుంది.

నాది తాండూరు. నా డీజిల్ స్విఫ్ట్ రోజూ నాపరాళ్ల పాలిషింగ్ యూనిట్ల మధ్య నుంచే తిరుగుతుంది. ఆరేడు వేలకే తీసి చూస్తే బూడిద రంగు పొడి పేరుకుపోయి, మడతల మీది తీగల జాలీ కనపడదు. జాలీ కనపడకపోతే కడగాల్సిందే.

మొదటిసారి డిసెంబరులో కడిగాను. సాయంత్రం హైదరాబాద్‌లో పెళ్లి ఉందని, లోపల ఇంకా చెమ్మ ఉండగానే, దుమ్మును పట్టుకునే ఎర్రటి ఫిల్టర్ ఆయిల్ కొట్టేశాను. పాలిపోయినట్టు కనపడిన చోటల్లా మళ్లీ మళ్లీ కొట్టాను. ధారూరు దాటి అనంతగిరి ఘాట్ ఎక్కుతుంటే బండి గుంజడం మానేసింది, ఇంజిన్ లైటు వెలిగింది. వెనక సీట్లో అమ్మ, చీకటి పడుతోంది, ఒకటే టెన్షన్. మర్నాడు వికారాబాద్‌లో మెకానిక్ అన్న, ఇంజిన్‌లోకి పోయే గాలిని కొలిచే ఎయిర్ ఫ్లో సెన్సార్ విప్పి ఎండకు పెట్టి చూపించాడు. గోరంత కూడా లేని పలక మీద ఎర్రటి జిడ్డు. "ఆయిల్ ఎక్కువైతే గాలితోని వచ్చి ఇండ్ల పడతది తమ్మీ, ఇంక ఇది లెక్క తప్పు చెప్తది" అన్నాడు. సెన్సార్ క్లీనర్ కొట్టి, ఆరాక బిగిస్తే బండి మామూలైంది.

అందుకే చెబుతున్నా. ఫిల్టర్ క్లీనర్ కొట్టి పది నిమిషాలు నాననివ్వండి, అది ఎండిపోకముందే కడగండి. ఫిల్టర్ శుభ్రంగా ఉండే లోపలి వైపు నుంచి బయటికి, కుళాయి ధారతో నీళ్లు నెమ్మదిగా పోవాలి. బయటి నుంచి పోస్తే దుమ్మంతా లోపలికే దిగుతుంది. పంక్చర్ షాపులో గాలి కొట్టిస్తే అరనిమిషంలో ఆరుతుందని చెప్పేవాళ్ల మాట అస్సలు వినకండి, ఆ ప్రెషర్‌కు లోపలి నూలు గుడ్డ చిరుగుతుంది. హెయిర్ డ్రయర్ కూడా వద్దు. పూర్తిగా ఆరాక ప్రతి మడత వెంట పలచగా ఒక్కసారి ఆయిల్ పట్టించి, ఇరవై నిమిషాలు వదిలేయండి, అదే పాకుతుంది. అప్పటికీ తెల్లగా మిగిలిన చోట మాత్రమే ఇంకొంచెం.

అసలు పట్టా కప్పకుండా రాతిపొడి లారీలను రోడ్డెక్కనివ్వకపోతే ఇన్నిసార్లు కడిగే పనే ఉండదు. ఒక్క లారీ వెనక పది కిలోమీటర్లు పోతే వైపర్ కింద గుప్పెడు పొడి. ఆ పొడి మా పిల్లలు కూడా పీలుస్తున్నారు, వాళ్ల ఊపిరితిత్తులను విప్పి కడగలేం కదా!

బండి ఒక రోజంతా ఆపలేనంటే, పాత పేపర్ ఫిల్టర్ బాగుంటే పారేయకండి. కడిగిన ఫిల్టర్ నీడన ఆరే వరకు నేను దాన్నే బిగించి తిరుగుతాను.