మజ్జిగ సంగతి తర్వాత, ముందు ముద్ద ఎందుకు ఆగుతోంది?

ప్రశ్న: నాకు 52 ఏళ్లు. భీమవరం దగ్గర రొయ్యల చెరువులు చేస్తున్నాను. రెండేళ్లుగా ఛాతీలో మంట, పుల్లటి త్రేన్పులు. మెడికల్ షాపులో ఇచ్చే గ్యాస్ బిళ్ల వేసుకుంటే తగ్గుతుంది, మానేస్తే మళ్లీ మొదలు. ఈమధ్య అన్నం ముద్ద ఛాతీలో ఆగినట్టుంటోంది, నీళ్లు తాగితే దిగుతోంది. మూడు నెలల్లో ఐదు కిలోలు తగ్గాను, ఇంట్లోవాళ్లు మంచిదే అంటున్నారు. బీపీ మాత్ర వాడుతున్నాను. జీలకర్ర నీళ్లు, మజ్జిగ, వంటసోడాలతో తగ్గించుకునే దారి చెప్పండి.

జవాబు: మజ్జిగ గురించి చెబుతాను. ముందు ఆ ముద్ద సంగతి తేలాలి. యాభై దాటిన మనిషికి ముద్ద ఆగడం, కారణం లేకుండా బరువు తగ్గడం రెండూ కలిసొస్తే ఎండోస్కోపీ, అంటే నోటి గుండా సన్నని కెమెరా గొట్టం పంపి లోపల చూసే పరీక్ష, చేయించాల్సిందే. ఈ వారంలోనే గ్యాస్ట్రో డాక్టర్‌ని కలవండి. పరీక్షకు పట్టేది కొద్ది నిమిషాలే. ఏళ్లతరబడి యాసిడ్ పైకి తన్నితే అన్నవాహిక లోపల పుండ్లు పడి, అవి మానేటప్పుడు గొట్టం ఇరుకవుతుంది. మీది అదే కావచ్చు. క్యాన్సర్ కూడా ఇలాగే మొదలవుతుంది. లోపల చూడకుండా ఏదో ఒకటని తేల్చడం ఉత్తరం చదివి నావల్ల అయ్యే పని కాదు. బరువు తగ్గితే మంచిదేనన్న మీ ఇంట్లోవాళ్లకు ఇది చదివి వినిపించండి.

రెండేళ్లు షాపు బిళ్లలతో నెట్టుకొచ్చారు, అదీ నా బాధ. ఆ బిళ్ల చెడ్డదని అనను. మంట తగ్గించేస్తుంది, దాంతో లోపల ఏం జరుగుతోందో మనిషికి తెలియదు. చెరువులో రొయ్య మేత తగ్గిస్తే ఆ పూటే మేత ఎంత మిగిలిందో తెలిపే చెక్‌ట్రే ఎత్తి చూసి, నీళ్లు ల్యాబుకి పంపుతారు కదా! మీకే ముద్ద దిగకపోతే జీలకర్ర నీళ్లా? ఒంటినొప్పులకి అదే షాపులో డైక్లోఫెనాక్ లాంటివి కూడా కొంటుంటే ఆపండి, కడుపు మరింత పాడవుతుంది. బీపీ మాత్ర మాత్రం సొంతంగా ఆపొద్దు. వాటిలో కొన్ని అన్నవాహిక కింది కండరాన్ని వదులు చేస్తాయి, మార్చాలో వద్దో రాసిన డాక్టరే చూస్తారు.

వంటసోడా వద్దు. దాన్లో సోడియం ఎక్కువ, మీకు బీపీ. పులవని పల్చటి మజ్జిగ, జీలకర్ర నీళ్లు హాయిగా అనిపిస్తే తాగండి, వైద్యం అనుకోకండి. నిజంగా పనిచేసేది వేరే ఉంది. అర్ధరాత్రి చెరువు నీళ్లకు గాలి అందించే ఏరియేటర్లు చూసొచ్చి, తినేసి షెడ్డులో మంచమెక్కే అలవాటుంటే మానండి. తిండికీ పడకకీ మూడు గంటలు ఎడం ఉండాలి. తలవైపు మంచం కోళ్ల కింద ఇటుకలు పెట్టి ఆరు నుంచి ఎనిమిది అంగుళాలు ఎత్తు చేయండి. దిండ్లు పేర్చుకుంటే నడుం వంగి పొట్ట నొక్కుకుంటుంది, అది పనికిరాదు. ఎడమవైపు తిరిగి పడుకోండి. చుట్ట, ఖైనీ, మద్యం అలవాటుంటే వదిలేయండి. ఆవకాయ మానమని నేను అందరికీ చెప్పను. మీకు ఏది తింటే మంటొస్తుందో అది మానితే చాలు.

రక్తం వాంతైనా, విరేచనం తారులా నల్లగా అయినా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. ఛాతీ బరువుగా ఉండి చెమటలు పట్టినా, నొప్పి దవడకో చేతికో పాకినా గ్యాస్ అనుకుని సోడా తాగుతూ కూర్చోవద్దు, 108కి ఫోన్ చేయండి. అది గుండెపోటు కావచ్చు.

వెళ్లేటప్పుడు పాత చీటీలు, మీరు వాడిన బిళ్లల ఖాళీ స్ట్రిప్పులు పట్టుకెళ్లండి. ఎండోస్కోపీ ఖాళీ కడుపుతోనే చేస్తారు. ఎన్ని గంటల ముందు నుంచి తినకూడదో, ఆ ఉదయం బీపీ మాత్ర వేసుకోవాలో లేదో ముందురోజే ఫోన్ చేసి అడగండి.