మంట ఆర్పలేకపోయినా నార్మన్ జాక్సన్‌కి విక్టోరియా క్రాస్ ఎందుకిచ్చారు?

మంట ఆరిందా లేదా అని చూసి ఇచ్చే పతకం కాదది, యుద్ధంలో శత్రువు ఎదుట చూపిన సాహసానికి బ్రిటన్ ఇచ్చే అత్యున్నత పతకం. జాక్సన్ బ్రిటిష్ వైమానిక దళంలో లాంకాస్టర్ బాంబర్‌కి ఫ్లైట్ ఇంజనీర్. 1944 ఏప్రిల్ 26 రాత్రి జర్మనీలోని ష్వైన్‌ఫర్ట్‌పై బాంబులు వేశాక శత్రు విమానం దాడి చేసింది. జాక్సన్ కాలికి, భుజానికి తూటా ముక్కలు దిగాయి. విమానం కుడి రెక్కకి మంట అంటుకుంది, పక్కనే పెట్రోల్ ట్యాంకు.

మంటలార్పే సిలిండర్‌ని జాకెట్‌లో దోపుకుని, పైలట్ తలపైనున్న తలుపులోంచి బయటికెక్కాడు. ఎత్తు 20,000 అడుగులు, వేగం గంటకి 200 మైళ్లు! అంతలో పారాచూట్ విచ్చుకుని కాక్‌పిట్‌లోకి జారింది. లోపలివాళ్లు దాని తాళ్లు పట్టుకుని, అతను పాకేకొద్దీ వదులుతూ వచ్చారు (బావిలోకి మనిషిని దించినట్టే). జారి రెక్క మీద పడ్డాడు, సిలిండర్ పోయింది, ముఖం, చేతులు కాలాయి. చివరికి గాలి ఈడ్చేసింది.

సగం కాలిన పారాచూట్‌తో దిగితే చీలమండ విరిగింది. తెల్లారాక పాక్కుంటూ ఊరు చేరి ఖైదీ అయ్యాడు. పది నెలలు ఆసుపత్రిలోనే. పైలట్, వెనక గన్నర్ చనిపోయారు. మిగతావాళ్లు చెర నుంచి తిరిగొచ్చి చెబితేనే ఇదంతా బయటపడింది. అందుకే పతకం 1945లో వచ్చింది.