ఫ్రిక్షన్ వెల్డింగ్ చేసిన స్టెయిన్‌లెస్ స్టీల్ జాయింట్ అసలు కడ్డీ అంత బలంగా ఉంటుందా?

ఏ గ్రేడో చెప్పకుండా అడిగితే ఎవరు చెప్పినా సగం జవాబే. మామూలుగా ఎక్కువగా వాడే 304 గ్రేడ్ అయితే నాకు దిగుల్లేదు. ఫ్రిక్షన్ వెల్డింగ్ అంటే ఒక ముక్కని తిప్పుతూ రెండోదానికి అదిమి రాపిడి వేడితో అతికించడం, ఇందులో లోహం కరగదు, మెత్తబడి నలుగుతుంది, ఆ వేడిలోనే సన్నటి కొత్త గ్రెయిన్స్ (లోహంలోని స్ఫటిక రేణువులు) పుడతాయి, అందుకే అతుకు దగ్గర హార్డ్‌నెస్ మామూలుగా కాస్త ఎక్కువే ఉంటుంది. అంతా సెకన్లలో అయిపోతుంది కాబట్టి క్రోమియం కార్బన్‌తో కలిసి కార్బైడ్‌గా మారి తుప్పుకి లొంగే గొడవ కూడా తక్కువ. కోల్డ్ డ్రా చేసిన, అంటే వేడి చేయకుండా లాగి గట్టిపరిచిన కడ్డీ అయితే మాత్రం వేడికి అతుకు పక్క భాగం మెత్తబడి అక్కడే తెగుతుంది, అది చూసి "వెల్డ్ దగ్గర తెగలేదు కదా" అని సంబరపడేవాళ్లంటే నాకు ఒళ్లు మంట. దాన్ని మెత్తబరిచింది వెల్డింగే కదా మరి!

అసలు భయపడాల్సింది 303 గ్రేడ్‌కి. నేను పనిచేసినచోట ఒకసారి మెషినింగ్ సులువని షాఫ్టులకు అదే తెప్పించారు. ఫ్లాష్ (అతుకు నుంచి బయటికి పొర్లిన లోహం) చుట్టూ ఒకే మందంగా ముచ్చటగా వచ్చింది, టెన్సైల్ విలువ (లాగితే తెగకుండా తట్టుకునే బలం) కూడా కడ్డీకి దగ్గరగానే వచ్చింది, ఇంక బెండ్ టెస్ట్ దేనికన్నాడు సూపర్‌వైజర్. పట్టుబట్టి చేయిస్తే కొంచెం వంగీ వంగకముందే టప్పుమని సరిగ్గా అతుకు దగ్గర రెండు ముక్కలైంది, తెగిన ముఖం బల్లపరుపుగా ఉంది, సాగిన గుర్తే లేదు. ఇంకో ముక్కని పొడవునా కోసి పాలిష్ చేసి మైక్రోస్కోప్ కింద పెడితే ఎచింగ్ (యాసిడ్ లాంటిదాంతో ముఖాన్ని కాస్త తినిపించడం) చేయకుండానే దొరికిపోయింది. 303లో కనీసం 0.15 శాతం సల్ఫర్ ఉంటుంది, అది మాంగనీస్ సల్ఫైడ్ గీతలుగా కడ్డీ పొడవునా సాగి ఉంటుంది. నిలువుగా ఉన్నంతసేపు వాటివల్ల పెద్ద నష్టం లేదు, కానీ వెల్డింగ్‌లో లోహం బయటికి పొర్లినప్పుడు అవీ దాంతోపాటు మళ్లి అతుకు వెంబడి అడ్డంగా పడుకున్నాయి. పగులుకి తయారుగా వేసిపెట్టిన దారి! స్పీడ్ మార్చుదాం, ప్రెషర్ పెంచుదాం అని మీటింగులు పెట్టారు గానీ ఉన్న సల్ఫర్ ఎక్కడికి పోతుంది? చివరికి సల్ఫర్ చాలా తక్కువుండే 304ఎల్‌కి మారాకే పని ముందుకు కదిలింది.

ఇంకోటి, రిపోర్టుల్లో మైక్రోస్కోప్ కింద తీసిన మైక్రోస్ట్రక్చర్ ఫొటో ఒక్కచోటిదే పెట్టి చేతులు దులుపుకుంటారు. తిరిగే ముఖానికి నడిమధ్య వేగం సున్నా, అక్కడ రాపిడి వేడి పుట్టదు, ఫ్రిక్షన్ టైమ్ చాలకపోతే అంచు బాగా అతికినా మధ్యలో అతకదు. అంచు, సగం వ్యాసార్ధం, మధ్య, మూడూ చూపించని రిపోర్టుని నేను నమ్మను. మీ కడ్డీ టెస్ట్ సర్టిఫికెట్‌లో ముందు సల్ఫర్ ఎంతుందో చూసి ఇక్కడ రాయండి, టెన్సైల్ లెక్కలు ఆ తర్వాత మాట్లాడుకుందాం.