ఇకీటోస్ అడవికి వెళ్తున్న చిట్టికి

చిట్టీ,

నువ్వు పంపిన ప్లాన్ చూశాను. పెరూలో 12 రోజుల్లో లిమా, కుస్కో, మచుపిచ్చు, ఆపైన అమెజాన్ అడవి! తిరుపతి ప్యాకేజీ టూర్‌లా ఉందే. మచుపిచ్చు ఎక్కడికీ పోదు, ఈసారికి వదిలెయ్. అడవికి వెళ్ళేవాళ్ళ చేతిలో ఖాళీ రోజులుండాలి.

అడవి మధ్యలో ఉన్న ఇకీటోస్ ఊరికి బయటి ఊళ్ళ నుంచి రోడ్డు లేదు. విమానం, లేదంటే పడవ. నువ్వు లిమా నుంచి తారాపోటోకి విమానంలో వెళ్ళి, అక్కడి నుంచి రోడ్డు మీద యూరిమాగ్వాస్ చేరుకో. అక్కడ సరుకుల పడవలుంటాయి. సాయంత్రం బయల్దేరుతుందంటారు గానీ, సరుకు నిండేదాకా కదలదు. మర్నాడైనా ఆశ్చర్యపోకు. అందుకే తిరుగు విమానం టికెట్ తారీఖు బిగించి కొనకు.

పడవలో పడక అంటే ఉయ్యాలే. యూరిమాగ్వాస్ బజార్లోనే కొనుక్కో. పై అంతస్తులో, ఇంజనుకీ మరుగుదొడ్డికీ దూరంగా కట్టుకో. అందులో నిలువుగా పడుకుంటే తెల్లారేసరికి నడుం పట్టేస్తుంది. ఐమూలగా పడుకుంటే వీపు తిన్నగా ఉంటుంది, నిద్ర పడుతుంది. సంచి ఉయ్యాల కిందే పెట్టి, దాని పట్టీని తాడుకి ముడెయ్యి. రాత్రి నది మీద గాలి చల్లగా కొడుతుంది, పల్చటి దుప్పటి ఉంచుకో. కంచం, చెంచా, తాగే నీళ్ళు నీవే ఉండాలి.

ఇకీటోస్ దాకా ఒకేసారి పోకుండా మధ్యలో లాగూనాస్‌లో దిగు. పకాయా-సమీరియా అభయారణ్యంలోకి అక్కడి గైడ్లు చిన్న పడవల్లో తీసుకెళ్తారు. 20 లక్షల హెక్టార్ల పైచిలుకు అడవి, ఒంటరిగా వెళ్ళే మాటే లేదు. బేరం కుదుర్చుకునే ముందు గైడ్ అనుమతి కాగితం, లైఫ్ జాకెట్ చూపించమను. నసిగితే ఇంకొకరి దగ్గరికి వెళ్ళు. నువ్వు ఆగస్టులో వెళ్తున్నావు కాబట్టి నది తగ్గి ఉంటుంది, నడవడానికి వీలవుతుంది. ఏప్రిల్‌లో అయితే చెట్ల మధ్య కూడా పడవ మీదే తిరగాలి.

బట్టలు రెండు జతలు చాలు. పగలు తొడిగేది ఎలాగూ తడుస్తుంది. రెండోది రాత్రికి, దాన్ని నీళ్ళు చొరని సంచిలో దాచు. పొద్దున తడి జతే మళ్ళీ వేసుకోవాలి, ఒళ్ళు జలదరిస్తుంది, అయినా సరే. పొడి జత ముట్టుకున్నావంటే ఆ రాత్రి నిద్ర ఉండదు. జీన్స్ అసలు వద్దు, ఆరవు. రబ్బరు బూట్లు వేసుకునే ముందు తలకిందులు చేసి దులుపు. జారినప్పుడు పక్కనున్న చెట్టు పట్టుకోవాలనిపిస్తుంది, చూసి పట్టుకో. టంగరానా అనే చెట్టు బోలు కొమ్మల్లో చీమలుంటాయి, మాను ముట్టుకుంటే మీదికొస్తాయి. ఇసుక ఒడ్డున నీళ్ళలోకి దిగితే అడుగు ఎత్తి వెయ్యకు, ఈడ్చుకుంటూ వెళ్ళు. అడుగున టేకు చేపలుంటాయి, కదలిక తెలిస్తే తప్పుకుంటాయి, తొక్కితే ముల్లు దింపుతాయి.

ఎల్లో ఫీవర్ టీకా ప్రయాణానికి కనీసం పది రోజుల ముందే పడాలి. హైదరాబాద్ నారాయణగూడలోని ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో వేస్తారు. ఆ కార్డు లేకుండా తిరిగొస్తే మనవాళ్ళే ఎయిర్‌పోర్టులో ఆపి ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో పెట్టొచ్చు, పాస్‌పోర్టుతోపాటే ఉంచు. మలేరియా మాత్రలు డాక్టర్‌ని అడిగి తీసుకో. డెంగ్యూకి అలాంటి మాత్ర లేదు, పొడుగు చేతుల చొక్కా, దోమల మందే దిక్కు.

శాకాహారానికి బెంగ లేదు. అన్నం, చిక్కుడు గింజలు, వేయించిన అరటికాయ, కర్రపెండలం దొరుకుతాయి. రుచికి కందిపొడి పట్టుకెళ్ళు. ఆవకాయ మాత్రం వద్దు, నూనె కారిందంటే ఆ రెండు జతలూ పోతాయి!

ఇకీటోస్‌లో అయావాస్కా అనే మత్తెక్కించే అడవి తీగ కషాయం తాగిస్తామని వెంటపడతారు. పెరూలో అది 2008 నుంచి జాతీయ సాంస్కృతిక వారసత్వం, వాళ్ళ నమ్మకాన్ని నేనేమీ అనను. కానీ ఒంటరిగా వెళ్ళిన పిల్ల, ముక్కూమొహం తెలియనివాళ్ళ మధ్య ఒళ్ళు తెలియకుండా పడి ఉండటం నాకు ఇష్టం లేదు. డిప్రెషన్ మందులు వాడేవాళ్ళకైతే ప్రాణం మీదికే రావచ్చు. వద్దని చెప్పి వచ్చెయ్.

అడవిలో సిగ్నల్ ఉండదని మీ అమ్మకి ముందే చెప్పు. మళ్ళీ ఫోన్ ఎప్పుడు చేస్తావో చెప్పేటప్పుడు మూడు రోజులు కలిపి చెప్పు. లేకపోతే టెన్షన్‌తో నాకు ఫోన్ల మీద ఫోన్లు చేస్తుంది.

ప్రేమతో,
పిన్ని